చలికాలపు జనరేటర్: డాలస్ ఇళ్లలో వినిపించే అపోహలు - వాస్తవాలు

2021 ఫిబ్రవరి మంచు తుపానుకు టెక్సాస్‌లో 45 లక్షల ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. ఆ తర్వాత మన తెలుగువాళ్ల ఇళ్ల పక్కన కూడా జనరేటర్లు వెలిశాయి. వాటిని చలికి సిద్ధం చేయించుకునేవారు మాత్రం తక్కువ. సర్వీసుకు వెళ్తే వినిపించే మాటలు ఇవి.

అపోహ: "వారం వారం దానంతటదే స్టార్ట్ అవుతోంది కదా, బాగున్నట్టే."

వాస్తవం: అది జనరేటర్ వారానికోసారి తనను తాను పరీక్షించుకోవడం. చాలా మోడళ్లలో ఆ పరీక్ష లోడు లేకుండానే, అంటే ఇంటికి కరెంటు ఇవ్వకుండానే, జరుగుతుంది. చలిలో ముందు చేతులెత్తేసేది బ్యాటరీ. మైనస్ 18 సెల్సియస్ దగ్గర దాని సత్తా దాదాపు సగానికి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఆయిల్ చిక్కబడి ఇంజను మొరాయిస్తుంది. ఆ తుపానులో డాలస్ మైనస్ 19 దాకా చూసింది. నాలుగేళ్లు నిండిన బ్యాటరీని నవంబరులోనే మార్చేయమంటాను, ఇంకా పనిచేస్తున్నా సరే. మాన్యువల్ ఒప్పుకుంటే చలిలోనూ అంతగా చిక్కబడని 5డబ్ల్యూ-30 రకం సింథటిక్ ఆయిల్ పోయించండి. బ్యాటరీ హీటర్‌ను ఇక్కడ చాలామంది దండగ ఖర్చు అనుకుంటారు. నేను అనుకోను.

అపోహ: "అన్నా, గ్యాస్ లైను ఉంది. ఇంధనానికి దిగులేముంది?"

వాస్తవం: 2021లో గ్యాస్ బావులే గడ్డకట్టి సరఫరా తగ్గింది. అంతదాకా ఎందుకు, మీటరు చిన్నదైతే ఇంటి హీటరు, గీజరు, పొయ్యి, జనరేటర్ ఒకేసారి నడిచినప్పుడు గ్యాస్ ఒత్తిడి చాలదు. అన్నీ వేసి ఒకసారి లోడు మీద నడిపి చూడండి. సిలిండర్లలో వచ్చే ప్రొపేన్ గ్యాస్ మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది, కానీ చలిలో నెమ్మదిగా. చిన్న సిలిండర్ మీద పెద్ద లోడు వేస్తే అది మంచు పట్టి ఒత్తిడి పడిపోతుంది. దాన్ని మంటతో వెచ్చబెట్టే సాహసం వద్దు.

పెట్రోలుతో నడిచే చిన్న జనరేటర్లకు ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ అడగరు. ఇంజను లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టంలో తేమ గడ్డకడుతుంది. దారి మూసుకుపోతే లోపలి ఒత్తిడికి సీళ్ల గుండా ఆయిల్ బయటికి తన్నుకొస్తుంది, ఆయిల్ లేక ఇంజను పట్టేస్తుంది. చల్లగాలి నేరుగా తగలని చోట పెట్టి, ఇంధనం నింపడానికి ఆపిన ప్రతిసారీ ఆయిల్ చూడండి.

అపోహ: "జనరేటర్ గరాజ్‌లో నడిపినా తలుపు తీసే ఉంచుతాం, ఏమీ కాదు."

వాస్తవం: అవుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. ఆ వారంలో టెక్సాస్‌లో దీనివల్ల ప్రాణాలు పోయాయి. పోర్టబుల్ జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటికి అటువైపు ఉండేలా పెట్టాలి. ఇంట్లో బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. ఈ విషయంలో నేను బేరానికి రాను.

డ్రయ్యర్ సాకెట్‌లోకి రెండు కొసలా పిన్నులున్న వైరుతో కరెంటు ఎక్కించడం కూడా అంతే. అది వీధి ట్రాన్స్‌ఫార్మర్ గుండా వేల వోల్టులై, లైను బాగుచేస్తున్న మనిషిని చంపగలదు. జనరేటర్ నడిచేటప్పుడు ఇంటిని వీధి లైను నుంచి విడదీసే ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించండి.

ఇక టార్పాలిన్ సంగతి: ఆగి ఉన్నప్పుడు కప్పవచ్చు, నడుస్తున్నప్పుడు కూడదు. గాలి లోపలికి వెళ్లే జాలీలకు అడ్డం పడిన మంచును ఎప్పటికప్పుడు తీసేయండి.