ఒక్క డిస్కు కనబడకపోతే ఎస్‌ఎస్‌హెచ్ ఎందుకు ఆగాలి?

రీబూట్ చేసిన సర్వర్ తిరిగి రాదు. పింగ్‌కి జవాబు లేదు, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ లేదు. ఎలాగో కన్సోల్ (మిషన్ సొంత స్క్రీన్) తెరిస్తే చాలాసార్లు తేలేది ఒకటే: బ్యాకప్‌ల కోసం పెట్టిన డిస్కు కనబడలేదు, మిషన్ బూట్ మధ్యలోనే, రిపేరు కోసం ఉండే ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయింది. ఒక్క డిస్కు కోసం బూట్ మొత్తం ఆగాలా అన్న తగవు మళ్ళీ రాజుకుంది. లినక్స్‌లో బూట్ నడిపి సర్వీసులను లేపే సిస్టమ్‌డీ మీద మొదట్లో జరిగిన గొడవలు చాలామందికి తెలిసినవే. అసలు మలుపు 2015 ఏప్రిల్‌లో, సిస్టమ్‌డీని డిఫాల్ట్ చేస్తూ వచ్చిన లినక్స్ సిస్టమ్ డెబియన్ 8.

అంతకుముందు ఫైల్‌సిస్టమ్ చెకింగ్‌లో తేడా వస్తే బూట్ ఆగేది. మౌంట్ (డిస్కును ఒక డైరెక్టరీకి తగిలించడం) మాత్రమే విఫలమైతే ఎర్రర్ పడి ముందుకు సాగేది. ఎస్‌ఎస్‌హెచ్ లేచేది, అడ్మిన్ ఇంట్లోంచే సరిచేసుకునేవాడు. సిస్టమ్‌డీ డిఫాల్ట్ అయ్యాక మౌంట్ల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో, ప్రత్యేకంగా మినహాయించని ప్రతి లోకల్ మౌంటూ తప్పనిసరైంది. డిస్కు కోసం మామూలుగా 90 సెకన్లు చూసి, రాకపోతే నెట్‌వర్క్ కూడా మొదలవని ఎమర్జెన్సీ షెల్‌లోకి పోతుంది. తప్పనిసరి కాని డిస్కులకు ‘నోఫెయిల్’ (రాకపోయినా బూట్ సాగాలి) లేదా ‘నోఆటో’ (బూట్‌లో తగిలించొద్దు) పెట్టమని డెబియన్ రిలీజ్ నోట్స్‌లోనే రాశారు. కానీ పాత ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లు అలాగే ఉండిపోయాయి. తేడా తెలిసేది డిస్కు పోయిన రోజునే.

సిస్టమ్‌డీ వైపు వాదన: డిస్కు లేకుండా డేటాబేస్ లేస్తే డిస్కు తగిలించాల్సిన ఖాళీ డైరెక్టరీలో రాసేస్తుంది, కాబట్టి ఆగడమే క్షేమం.

అడ్మిన్ల ప్రశ్న వేరు. అలాంటప్పుడు ఆపాల్సింది ఆ డేటాబేస్‌ని కదా, ఎస్‌ఎస్‌హెచ్‌ని ఎందుకు? డిస్కు మీద ఆధారపడ్డ సర్వీసును మాత్రమే ఆపే ‘రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్’ సిస్టమ్‌డీలోనే ఉంది. పైగా ఎమర్జెన్సీ షెల్ రూట్ (సర్వాధికార ఖాతా) పాస్‌వర్డ్ అడుగుతుంది. క్లౌడ్ సర్వర్లను తయారుచేసే రెడీమేడ్ ఇమేజ్‌లలో చాలావాటికి రూట్ ఖాతా లాక్ అయి ఉంటుంది. బాగుచేయడానికని తెరిచిన తలుపుకే తాళం.

అమెజాన్ అద్దె సర్వర్ల సేవ ఈసీ2లో, నెట్‌వర్క్ లేకున్నా పనిచేసే సీరియల్ కన్సోల్ 2021 మార్చిలో గానీ రాలేదు. అప్పటిదాకా సర్వర్ ఆపి, సిస్టమ్ ఉన్న డిస్కు (రూట్ వాల్యూమ్) ఊడదీసి, ఇంకో మిషన్‌కి తగిలించి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఒక్క లైను దిద్దాలి. అర్ధరాత్రి ఆ టెన్షన్ పడినవాళ్ళకే తెలుసు. సీరియల్ కన్సోల్ వచ్చాక కూడా లాగిన్ కావాలంటే పాస్‌వర్డ్ ముందే పెట్టి ఉండాలి.

‘నోఫెయిల్ పెట్టుకోండి’ అన్న జవాబు కూడా పూర్తిగా సరిపోదు. అది పెడితే బూట్ ఆ డిస్కు కోసం ఆగదు, మౌంట్ అయ్యేలోపే సర్వీసు లేవవచ్చు. అందుకే నోఫెయిల్‌తో పాటు ఆ సర్వీసుకు రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ కూడా రాయాలి. ఈ రెండో సగం చాలా సలహాల్లో కనబడదు.