చికాగో ఎలా పెరిగిందంటే

చిరంజీవులు అనుకి, వంశీకి అమ్మమ్మ ఆశీస్సులు.

అమెరికాలోని ఊళ్లు అంత పెద్దవి ఎలా అయ్యాయి, అక్కడి జనమంతా ఎక్కడి నుంచి వచ్చారని మొన్న అడిగారు. ఫోనులో తేలే సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. అన్ని ఊళ్లూ కాదు, చికాగో ఒక్కటే చెబుతాను.

1840లో చికాగో జనాభా 4,470. మన దగ్గర ఓ పెద్ద పల్లెలో ఉండేంత మంది. 1890 నాటికి పది లక్షలు దాటారు! 1848లో మిచిగన్ సరస్సును మిసిసిపి వైపు నదులతో కలిపే కాలువ పూర్తయింది. దాన్ని తవ్విన కూలీల్లో చాలామంది ఐర్లండ్ వాళ్లు. ఆ ఏడాదే రైలు కూడా వచ్చింది. ఆ తర్వాత పడమట పండిన గోధుమలైనా, మేసిన పశువులైనా తూర్పుకు వెళ్లాలంటే చికాగోనే పెద్ద దారి. 1871లో అగ్ని ప్రమాదం నడి ఊరిని బూడిద చేసినా ఎదుగుదల ఆగలేదు. 1885కల్లా అక్కడ పది అంతస్తుల మేడ లేచింది.

1865 క్రిస్మస్ రోజున యూనియన్ స్టాక్ యార్డ్స్ అనే పశువుల సంత తెరిచారు. చుట్టూ మాంసం ఫ్యాక్టరీలు వెలిశాయి. (అనూ, నీకు కష్టంగా ఉంటే ఈ నాలుగు వాక్యాలు వదిలెయ్.) పంది కాలికి గొలుసు తగిలిస్తే పెద్ద చక్రం దాన్ని పైకి లాగుతుంది. పైనున్న పట్టా వెంట అది వేలాడుతూ కదులుతుంటే, దారి పొడవునా కత్తులతో మనుషులు నిలబడి ఉంటారు. ఒక్కొక్కరికి ఒక్కటే కోత. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా అదే కోత.

అసలు కిటుకు ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. పాతకాలపు కసాయికి పని మొత్తం వచ్చు. అది నేర్వడానికి ఏళ్లు పట్టేది కాబట్టి కూలి గట్టిగా అడగగలిగేవాడు. పనిని ముక్కలు చేశాక అతనితో అంత అవసరం లేకపోయింది. నిన్న ఓడ దిగి, ఇంగ్లీషు ఒక్క ముక్క రానివాడు కూడా ఆ ఒక్క కోతను ఇట్టే పట్టేస్తాడు. అందుకే ఐరిష్, జర్మన్ వాళ్ల తర్వాత పోలండ్, లిథుయేనియా, స్లొవాకియా పల్లెల జనం వచ్చి చేరారు. 1890లో ఆ నగరంలో ప్రతి పదిమందిలో నలుగురు వేరే దేశంలో పుట్టినవాళ్లే. అందరినీ రమ్మన్నారని మాత్రం అనుకోకండి. పడమట రైలు మార్గం వేయడానికి చెమటోడ్చిన చైనా కూలీలకు 1882లో చట్టం చేసి మరీ తలుపు మూశారు.

తెల్లవారుతూనే ఫ్యాక్టరీ గేటు ముందు జనం గుమిగూడేవారు. మేస్త్రీ వేలు ఎవరి వైపు చూపిస్తే వాళ్లకే ఆ రోజు పని, మిగిలినవాళ్లు ఇంటిదారి పట్టాల్సిందే. కూలి చాలదని ఎవరు నోరెత్తుతారు? వాళ్ల ఇళ్ల పక్కనే పారే వాగులో ఫ్యాక్టరీల రక్తం, వ్యర్థాలు కుళ్లి, నీటి మీద బుడగలు తేలేవి.

అయినా నోరెత్తారు. పది, పన్నెండు గంటల చాకిరీ వద్దు, ఎనిమిది గంటలు చాలని 1886 మే 1న వేలమంది పని మానేశారు. మూడో తేదీన పంట కోత యంత్రాల ఫ్యాక్టరీ దగ్గర పోలీసు కాల్పుల్లో కార్మికులు చనిపోయారు. నాలుగో తేదీ రాత్రి హేమార్కెట్ అనే కూడలి దగ్గర సభ ముగియబోతుండగా పోలీసుల మీద ఎవరో బాంబు విసిరారు. విసిరిందెవరో ఇప్పటికీ తేలలేదు. అయినా ఎనిమిది మందికి శిక్ష వేశారు. వారిలో ఆరుగురు బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లే. ఆ ఎనిమిది మందిలో ఒకడైన పార్సన్స్ ఊరు విడిచి తప్పించుకున్నవాడే. విచారణ మొదలైన రోజున తనంతట తానే కోర్టులోకి నడిచి వచ్చాడు. 1887 నవంబరులో నలుగురిని ఉరితీశారు, అందులో అతనూ ఉన్నాడు. ఇంకొకరు అంతకు ముందు రోజే జైల్లో చనిపోయారు.

మనం జరుపుకునే మే డే అక్కడ పుట్టిందే. 1923లో మద్రాసులో కార్మిక నాయకుడు సింగారవేలు దాన్ని మన దేశంలో మొదటిసారి జరిపారు. అమెరికా ప్రభుత్వం మాత్రం 1894లో సెప్టెంబరు మొదటి సోమవారాన్ని కార్మికుల సెలవుగా ఎంచుకుంది.

జైల్లో మిగిలిన ముగ్గురిని 1893లో చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్ర గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ విడిచిపెట్టారు. విచారణ న్యాయంగా జరగలేదని రాసి మరీ విడిచారు. ఆయనా జర్మనీలో పుట్టి, పసితనంలో అమెరికా చేరినవారే. పత్రికలు దుమ్మెత్తి పోశాయి. 1896 ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు.

ఉంటాను.
మీ అమ్మమ్మ