రిసీవర్ కొనేటప్పుడు డిస్టార్షన్ అంకె చూడాలా?

రెండు హోమ్ థియేటర్ రిసీవర్ల (స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్లు లోపలే ఉండే పరికరాల) స్పెసిఫికేషన్లు పక్కపక్కన పెడితే ఒకదానిలో టీహెచ్‌డీ 0.08 శాతం, ఇంకోదానిలో 0.05 శాతం అని ఉంటుంది. తక్కువున్నదే మేలని రెండోదాన్ని ఎంచుకోబుద్ధవుతుంది. నిజానికి ఆ తేడాను చెవి పట్టుకోలేదు.

టీహెచ్‌డీ అంటే టోటల్ హార్మోనిక్ డిస్టార్షన్. ఆంప్లిఫయర్‌కు 1,000 హెర్ట్జ్ స్వరం ఒక్కటే ఇచ్చినా, దాని వెంట 2,000, 3,000, 4,000 హెర్ట్జ్ దగ్గర పిలవని స్వరాలు కొన్ని బయటికొస్తాయి; వీటినే రెండో, మూడో, నాలుగో హార్మోనిక్‌లు అంటారు. అసలు స్వరంతో పోలిస్తే అవన్నీ కలిపి ఎంతో చెప్పేదే ఈ శాతం. 1 శాతమంటే అసలు స్వరం కన్నా 40 డెసిబెల్స్ కింద, 0.1 అయితే 60, 0.01 అయితే 80. ఆ లెక్కన 0.08కీ 0.05కీ తేడా 4 డెసిబెల్సే, అదీ అసలు శబ్దానికి 60 డెసిబెల్స్ పైగా అడుగున. పైగా పెద్ద స్వరం తన దగ్గర్లోని చిన్న స్వరాన్ని మింగేస్తుంది. రెండో, మూడో హార్మోనిక్‌లు చాలావరకు అలాగే వినబడకుండా పోతాయి. ఏడు, తొమ్మిది లాంటి పై హార్మోనిక్‌లు అంత తేలిగ్గా దాగవు. కాబట్టి ఒకే శాతం చూపే రెండు ఆంప్లిఫయర్లలో ఒకటి మెత్తగా, ఇంకోటి గరుకుగా మోగవచ్చు. అది చెప్పలేకపోవడమే ఈ కొలత అసలు లోపం.

ఇక స్పీకర్ సంగతి. గట్టిగా మోగించినప్పుడు లోతైన బేస్‌లో మంచి స్పీకర్ల డిస్టార్షన్ కూడా 1 శాతం దాటడం మామూలే. గది మరీ ఘోరం: 200 హెర్ట్జ్ కింద ఒక సీట్లో 10 డెసిబెల్స్ ఉబ్బిన స్వరం పక్క సీట్లో సగానికి సగం మాయమవుతుంది. వీటి ముందు వందో వంతు శాతాల పోటీకి అర్థం లేదు.

అలాగని ఆ అంకెను వదిలేయకూడదు. దాన్ని విడిగా కాకుండా, పక్కనున్న వాట్లకు షరతుగా చదవాలి. ఒకే రిసీవర్ గురించి "90 వాట్లు, 8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 0.08 శాతం, 2 ఛానళ్లు" అని రాయవచ్చు (ఛానల్ అంటే ఒక స్పీకర్‌కు వెళ్లే దారి). "165 వాట్లు, 6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం, 1 ఛానల్" అనీ రాయవచ్చు. పెట్టెమీద పెద్ద అక్షరాలు దక్కేది సాధారణంగా రెండోదానికే.

లోపల జరిగేది ఇది. పవర్ సప్లై ఇచ్చే ఓల్టేజీని దాటి ఆంప్లిఫయర్ పైకి వెళ్లలేదు. ఆ హద్దు తగిలేదాకా డిస్టార్షన్ వందో వంతుల్లోనే ఉంటుంది. తగిలాక తరంగం కొసలు తెగి చదునవుతాయి, దీన్నే క్లిప్పింగ్ అంటారు. అక్కడి నుంచి శాతం నిట్టనిలువుగా లేస్తుంది. 10 శాతం దాకా పోనిస్తే వాట్లు పావు వంతుకు పైనే పెరిగినట్టు కనిపిస్తాయి, కానీ ఆ అదనమంతా వినడానికి పనికిరానిది. ఓమ్‌లు 8 నుంచి 6కు తగ్గిస్తే అదే ఓల్టేజీకి మూడో వంతు ఎక్కువ వాట్లు వస్తాయి. ఒక్క ఛానలే నడిపితే, అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న పవర్ సప్లై మొత్తం దానికే దక్కుతుంది. వాట్లు ప్రకటించేవాళ్లు ఇంపెడెన్స్ (ఓమ్‌లు), ఫ్రీక్వెన్సీ పరిధి, డిస్టార్షన్ కూడా చెప్పి తీరాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే నియమం పెట్టింది ఇలాంటి గారడీ వల్లే. పోల్చేటప్పుడు ఓమ్‌లు, ఫ్రీక్వెన్సీ, శాతం, ఛానళ్లు అనే నాలుగు షరతులూ ఒకటిగా ఉన్న వరుసలనే పోల్చండి. 1 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రమే కొలిచిన అంకెకు బేస్‌లో పూచీ లేదు.

మరి ఎన్ని వాట్లు కావాలి? స్పీకర్ సెన్సిటివిటీ 88 డెసిబెల్స్ (1 వాటుకు, 1 మీటరు దూరంలో వినిపించే శబ్దం), మీరు కూర్చునేది 3 మీటర్ల దూరాన అనుకుందాం. దూరం వల్ల దాదాపు 9.5 డెసిబెల్స్ పోతాయి (గది గోడలు కొంత తిరిగిస్తాయి, దాన్ని వదిలేద్దాం). సినిమా రిఫరెన్స్ స్థాయిలో (థియేటర్లకు ప్రామాణికంగా పెట్టుకున్న శబ్ద స్థాయిలో) ఒక ఛానల్ గరిష్ఠ శబ్దం 105 డెసిబెల్స్. అది అందుకోవాలంటే 450 వాట్లు. వాల్యూమ్ 15 డెసిబెల్స్ తగ్గించి చూస్తే 14 వాట్లు చాలు! 90 వాట్ల రిసీవర్ బదులు 110 వాట్లది కొంటే వచ్చే లాభం 1 డెసిబెల్ కూడా కాదు. రిసీవర్ సెట్టింగ్‌లలో స్పీకర్లను "స్మాల్"గా పెట్టి, 80 హెర్ట్జ్ కిందిదంతా సొంత ఆంప్లిఫయర్ ఉన్న సబ్‌వూఫర్‌కు పంపడం ఆ ఖర్చు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

4 ఓమ్‌ల స్పీకర్లయితే జాగ్రత్త పడాలి. కరెంటు ఎక్కువ లాగి రిసీవర్ వేడెక్కుతుంది, పెద్ద సన్నివేశంలో తనను తాను కాపాడుకోవడానికి (ప్రొటెక్షన్) ఆగిపోవచ్చు.

విడి పవర్ ఆంప్లిఫయర్ కలిపేవాళ్లకు మాత్రం ఇంకో డిస్టార్షన్ కొలత ముఖ్యం: ప్రీ-అవుట్ (రిసీవర్ నుంచి విడి ఆంప్లిఫయర్‌కు సిగ్నల్ ఇచ్చే సాకెట్) ఎన్ని ఓల్టుల దాకా శుభ్రంగా ఉంటుందన్నది. గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచుతుందన్న లెక్క) 29 డెసిబెల్స్ ఉన్న ఆంప్లిఫయర్‌కు 8 ఓమ్‌లలో 100 వాట్లు రావడానికి 1 ఓల్టు చాలు. గెయిన్ 23 డెసిబెల్సే అయితే 2 ఓల్టులు కావాలి. ప్రీ-అవుట్ 1.2 ఓల్టులకే క్లిప్ అయితే ఈ రెండో 100 వాట్ల ఆంప్లిఫయర్ నుంచి శుభ్రంగా వచ్చేది 36 వాట్లే.