కేవీ వేరు, ఎంఏఎస్ వేరు

విశాఖపట్నంలో ఏ ఆసుపత్రి ఎక్స్‌రే గది బయట కూర్చున్నా లోపలి నుంచి ఒకే వరుసలో కొన్ని శబ్దాలు వినిపిస్తాయి. "గాలి గట్టిగా పీల్చండి, అలాగే ఆపండి" అన్న మాట, ఆ వెంటనే సన్నగా మొదలై హెచ్చే ఒక రొద, చిన్న బీప్, "ఇక వదలండి". ఎక్స్‌పోజర్ స్విచ్చికి రెండు మెట్లు ఉంటాయి. సగం నొక్కితే ట్యూబులో ఎలక్ట్రాన్లు వచ్చి తగిలే ఆనోడ్ పళ్లెం తిరగడం మొదలవుతుంది, ఫిలమెంటు పూర్తిగా వేడెక్కుతుంది. ఆ రొద పళ్లేనిదే. చివరిదాకా నొక్కినప్పుడే కిరణాలు వెలువడతాయి. రేడియోగ్రఫీ కోర్సులో కొత్తగా చేరినవారికి భౌతికశాస్త్రం చెప్పేటప్పుడు నేను సూత్రాల జోలికి పోకముందే ఈ రెండు మెట్ల దగ్గర కాసేపు ఆగుతాను.

కడుపు ఎక్స్‌రేకి 80 కిలోవోల్టులు (కేవీ), 400 మిల్లీ ఆంపియర్లు, 0.05 సెకను పెట్టామనుకుందాం. వేడెక్కిన ఫిలమెంటు నుంచి ఊడిపడిన ఎలక్ట్రాన్లు 80 వేల వోల్టుల తేడాకు లోనై, కాంతి వేగంలో సగం వేగంతో పోయి టంగ్‌స్టన్ పళ్లేన్ని ఢీకొంటాయి. ఆ క్షణంలో ట్యూబు వాడుకునే విద్యుత్తు 32 కిలోవాట్లు, అంటే 2 కిలోవాట్ల స్నానాల గది గీజర్లు పదహారు ఒక్కసారిగా వేసినంత. అయితే అది సెకనులో ఇరవయ్యో వంతు సేపే ఉంటుంది కాబట్టి మొత్తం శక్తి 1600 జౌళ్లు మాత్రమే. దానితో ఒక గ్లాసు టీని నాలుగు డిగ్రీలు వేడి చేయడం కూడా కష్టమే. చిక్కంతా ఆ శక్తి నువ్వుగింజంత చోట పడటంలో ఉంది. 3400 డిగ్రీల సెల్సియస్ దాటితేగాని కరగని టంగ్‌స్టన్‌ను ఎంచుకున్నదీ, పళ్లేన్ని నిమిషానికి దాదాపు 3000 సార్లు తిప్పుతూ దెబ్బ పడే చోటును ఎప్పటికప్పుడు మారుస్తున్నదీ అందుకే. రొద వినకముందే తొందరపడి స్విచ్ నొక్కేసే చేతిని ఇప్పటి యంత్రాలే అడ్డుకుంటాయిగాని, కారణం తెలిసిన చేయి తనంతట తానే ఆగుతుంది.

ఇంత చేసినా ఎక్స్‌రేలుగా మారేది ఆ శక్తిలో సుమారు ఒక శాతమే, మిగిలినదంతా వేడి. ఆ ఒక్క శాతంలో ఎక్కువ భాగం, టంగ్‌స్టన్ కేంద్రకం పక్కగా పోతూ దాని ఆకర్షణకు వంగి వేగం కోల్పోయిన ఎలక్ట్రాన్ల నుంచి వస్తుంది. ఒక్కో ఎలక్ట్రాన్ ఒక్కో మేరకు వేగం కోల్పోతుంది గనుక కిరణాల శక్తి కూడా సున్నా దగ్గరి నుంచి 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా (వెయ్యి వోల్టుల తేడాలో ఒక ఎలక్ట్రాన్ పొందే శక్తి ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్టు) పరచుకొని ఉంటుంది. రెండో రకానివి లాక్షణిక కిరణాలు. టంగ్‌స్టన్ అట్టడుగు కక్ష్య నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను పెరికితే, ఆ ఖాళీలోకి పై కక్ష్యలోనిది దిగుతూ తన మూలకానికే చెందిన నిర్దిష్ట శక్తితో ఫోటాన్‌ను, అంటే ఒక కిరణపు కణాన్ని, విడుస్తుంది. ఆ పెరకడానికి 69.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అందువల్ల 60 కేవీతో తీసిన ఎక్స్‌రేలో ఆ కిరణాలు ఉండనే ఉండవు. ఈ ఊరికి ఎక్స్‌రేలతో పాత చుట్టరికమే ఉంది: ప్రేగ్‌లో ఎక్స్‌రే వర్ణపటాలపై పరిశోధన చేసిన స్వామి జ్ఞానానంద ఆ తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర అధ్యయనానికి పునాది వేశారు. అక్కడి కేంద్రక పరిశోధన ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టారు.

ఇక విద్యార్థులు ఎక్కువగా తడబడేది కేవీ, ఎంఏఎస్‌ల దగ్గర. కరెంటును కాలంతో గుణిస్తే వచ్చే ఎంఏఎస్ (మిల్లీ ఆంపియర్ సెకన్లు) కిరణాల సంఖ్యను నిర్ణయిస్తుంది, అంతకు మించి దానికి అధికారం లేదు. రెట్టింపు చేస్తే ఫోటాన్లు రెట్టింపవుతాయి, ఒక్కో ఫోటాన్ బలం మాత్రం మారదు. కేవీ అలా కాదు. అది చొచ్చుకుపోయే బలాన్నీ పెంచుతుంది, సంఖ్యనూ పెంచుతుంది. 70 కేవీని 80 చేస్తే, బొమ్మను నమోదు చేసే డిటెక్టర్‌కు చేరే కిరణాలు ఎంఏఎస్‌ను దాదాపు రెట్టింపు చేసినంతగా పెరుగుతాయి. "రెండూ ఒకటే కదా సార్, బొమ్మ నల్లబడటమే కదా" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఒకటి కాదు. ఎందుకో శరీరం లోపల తెలుస్తుంది.

ఎముక తెల్లగా కనిపించడానికి కారణం అక్కడికి వచ్చిన కిరణాలను అది మింగేయడం. ఈ మింగడాన్ని కాంతి విద్యుత్ ఫలితం అంటాం. పదార్థం పరమాణు సంఖ్య ఘనాన్ని బట్టి ఇది పెరుగుతుంది, ఫోటాన్ శక్తి ఘనాన్ని బట్టి తరుగుతుంది. కాల్షియం సంఖ్య 20, నీటిలోని ఆక్సిజన్ సంఖ్య 8. 20ని 8తో భాగిస్తే వచ్చే రెండున్నరకు ఘనం కడితే, గ్రాముకు గ్రాము చొప్పున కాల్షియం పదిహేను రెట్లు ఎక్కువగా మింగుతుందని తేలుతుంది. ఫోటాన్ శక్తిని రెట్టింపు చేస్తే ఆ మింగుడు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే చేతి ఎముకల్లో సన్నని పగులు వెదకాలంటే 50 కేవీ చుట్టుపక్కల ఉంటాం. ఛాతీలో మాత్రం పక్కటెముకలు ఊపిరితిత్తులను కప్పేయకూడదు కాబట్టి 110, 120 దాకా పోతాం.

కేవీ హెచ్చినకొద్దీ మింగుడు తగ్గి, ఫోటాన్ ఒక ఎలక్ట్రాన్‌ను తట్టి దారి మళ్లే కాంప్టన్ పరిక్షేపణానిది పైచేయి అవుతుంది. చలికాలం తెల్లవారుజామున అరకు వెళ్తూ అనంతగిరి ఘాట్‌లో మంచులో హైబీమ్ వేసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. వెలుగు ఉన్నా, దారి తప్పిన వెలుగు కళ్ల ముందు తెల్లని తెర కడుతుంది. ఎక్స్‌రేలో ఆ తెరను తగ్గించడానికి రోగికీ డిటెక్టర్‌కూ మధ్య సన్నని సీసపు పట్టీల గ్రిడ్ పెడతారు. అది కొన్ని మంచి కిరణాలను కూడా ఆపేస్తుంది కాబట్టి ఎంఏఎస్ పెంచక తప్పదు.

దూరం సంగతి తేలిక. ఆర్కే బీచ్‌లో సాయంత్రం మురీ మిక్స్చర్ బండి మీద వేలాడే బల్బుకు ఒక మీటరు దూరంలో ఉన్న వెలుగు, రెండు మీటర్లకు పోతే నాలుగో వంతే మిగులుతుంది. గుండె పెద్దదిగా పడకుండా ఛాతీని 100 సెంటీమీటర్లకు బదులు 180 నుంచి తీసినప్పుడు ఎంఏఎస్‌ను మూడు రెట్లకు పైగా పెంచాల్సి రావడానికీ, ఐసీయూలో పోర్టబుల్ ఎక్స్‌రే తీసేటప్పుడు రెండడుగులు వెనక్కి వేయమనడానికీ కారణం ఈ నియమమే. స్విచ్ వదిలాక గదిలో కిరణాలేమీ మిగలవు. దీపం ఆర్పిన గదిలో వెలుగు మిగలనట్టే. రోగులకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మంచిదే.

ఫిలిం రోజుల్లో డోసు ఎక్కువైతే బొమ్మ నల్లబడి తప్పు బయటపడేది. ఇప్పుడు కంప్యూటర్ వెలుగును సర్దేస్తుంది, అవసరానికి రెట్టింపు ఎంఏఎస్ ఇచ్చినా తెర మీద బొమ్మ చక్కగానే ఉంటుంది, పైగా మచ్చలు తగ్గి మరింత నునుపుగా కనిపిస్తుంది. తక్కువైనప్పుడు మాత్రం ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తుంది, రేడియాలజిస్టు నుంచి ఫిర్యాదూ వస్తుంది. ఎక్కువైనందుకు ఎవరూ ఫిర్యాదు చేయరు గనుక చేయి మెల్లగా ఎక్కువ వైపే అలవాటు పడుతుంది. దాన్ని పట్టిచ్చేది బొమ్మ పక్కన చిన్న అక్షరాల్లో ఉండే, డిటెక్టర్‌కు ఎంత మేర కిరణాలు చేరాయో చెప్పే ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అంకె ఒక్కటే. మా విద్యార్థులు ప్రాక్టికల్ రికార్డులో ప్రతి బొమ్మకూ కేవీ, ఎంఏఎస్, దూరాలతో పాటు ఆ అంకెను కూడా రాసి తీరాలి.