హార్ప్సికార్డ్ పియానోకి తాత కాదండీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

కచేరీ అయిపోయి నేను హార్ప్సికార్డ్ మూత దించుతుంటే ఎవరో ఒకరు వచ్చి లోపలికి తొంగిచూస్తారు. "ఓ, పాతకాలం పియానో అన్నమాట!" ఏళ్లుగా నవ్వి ఊరుకుంటున్నాను. మొన్న ఒకమ్మాయి రాసింది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. పియానోలో ఎనిమిదో గ్రేడ్ అయిందట, బాహ్ అంటే ప్రాణమట, వచ్చే ఏడాది యూరప్‌లో హార్ప్సికార్డ్ ఆడిషన్లు ఇస్తుందట. ఇంతవరకు ఆ వాద్యం మీద చెయ్యే పెట్టలేదు. "ఎలాగూ పియానో వచ్చు కదా మేడమ్."

అపోహ: పియానో వస్తే ఇదీ వచ్చినట్టే

రాదమ్మా. పియానోలో సుత్తి తీగను కొడుతుంది, ఇక్కడ ములుకు మీటుతుంది. కీ నొక్కితే జాక్ అనే సన్నటి చెక్కముక్క లేస్తుంది, దానికి గుచ్చిన ములుకు తీగను మీటి జారిపోతుంది. ఒకప్పుడు కాకి ఈకతో చేసేవారు, ఇప్పుడు ఎక్కువగా డెల్రిన్ ప్లాస్టిక్. వీణ మీటినట్టే, కాకపోతే తీగకో గోరు. ఎంత బాదినా మోత పెద్దగా పెరగదు, చెక్క టకటక మాత్రం అదనం. వేలు ఎప్పుడు దించామో, ఎప్పుడు ఎత్తామో, మన చేతిలో ఉన్నది అదే. ఎత్తగానే ఫెల్ట్ ముక్క దిగి తీగ నోరు మూస్తుంది. రెండు స్వరాల మధ్య వెంట్రుకవాసి ఖాళీ వదిలితే రెండోది బరువుగా వినిపిస్తుంది. పియానోకి అలవాటుపడ్డ నా చేతులకి ఇది ఎక్కడానికి రెండేళ్లు పట్టింది.

అంతకన్నా కొంప ముంచేది ఇంకోటుంది: సోలోలు బాగుంటే చాలనుకోవడం. నా మొదటి ఆడిషన్‌లో బాహ్ ఫ్రెంచ్ సూట్ వాయించాను. తలలూపారు. తర్వాత ఓ కాగితం ముందు పెట్టారు. ఎడమచేతికి బాస్ (కింది స్వరాల వరస) ఒక్కటే, దానికి 6, 7, 4-3 అని అంకెలు. కుడిచేతికి ఏమీ లేదు. 6 అంటే బాస్ నుంచి ఆరో స్వరం, దాంతో మూడో స్వరం. ఎంత నిండుగా పట్టాలో, ఎప్పుడు విరిచి పరచాలో అప్పటికప్పుడు మనమే తేల్చుకోవాలి. అవధానంలో సమస్య ఇచ్చినట్టే. నాలుగు బార్లు (తాళం ఆవర్తనాలు) వాయించి ఆగిపోయాను. సీటు రాలేదు, ఏడాది పోయింది.

ఇలా అంకెలు చూసి తోడు వాయించడాన్నే కంటిన్యుయో అంటారు, మాకు ఇల్లు గడిచేది దీంతోనే. నాకు ఏడాదికి సోలోలు ఐదారు, మిగతావన్నీ గాయకుల వెనక, వయొలిన్ల వెనక, ఒపేరా పిట్‌లో. దిగులుపడకండి, హార్ప్సికార్డ్ దొరక్కపోయినా అంకెలు పియానో మీదే ఈరోజే మొదలుపెట్టొచ్చు.

అపోహ: బరోక్ (బాహ్ కాలం నాటి) డాన్స్ అంటే విగ్గులూ వంగి దణ్ణాలూ

డాన్స్ మాస్టర్ ఫ్యొయే 1700లో పారిస్‌లో అచ్చువేసిన నాట్యలిపి ఉంది, అందులో రాసిన డాన్సులు 300కి పైగా మిగిలాయి. మినూయెట్ అని మూడు బీట్ల డాన్స్ ఒకటుంది, దాని అడుగుల వరస ఒక బార్‌లో పూర్తవదు. రెండు బార్లు, ఆరు బీట్లు, నాలుగు అడుగులు. పియానో క్లాసులో నేర్పినట్టు నేను ప్రతి బార్ మొదట్లోనూ గుద్దేదాన్ని. ఓరోజు డాన్స్ టీచర్ నా వాయింపు ఆపించి, "లే, నువ్వు ఆడు" అని తాను కూర్చుని అచ్చం నాలాగే వాయించింది. నాలుగో బీట్ దగ్గర మునివేళ్ల మీద తేలిపోవాల్సిన చోట దబ్బున దెబ్బ పడింది. రెండో వరసకే కాళ్లు తడబడ్డాయి. నా గుద్దుడు నాకే తగిలింది.

మిగతా అపోహలు, వాటికి జవాబులు గబగబా. పియానో రాగానే ఇది పోయింది: లేదు, క్రిస్టొఫోరీ ఫ్లారెన్స్‌లో 1700 ప్రాంతంలో పియానో చేశాడు, 1780లలో కూడా పారిస్‌లో టాస్కిన్ అనే వాద్యాల తయారీదారు హార్ప్సికార్డులు చేస్తూనే ఉన్నాడు. 415 (A స్వరం సెకనుకి 415 కంపనాలు) అసలైన బరోక్ పిచ్: అప్పట్లో ఊరికో పిచ్, 415 మన సౌకర్యం కోసం. ట్యూనింగ్‌కి మనిషి వస్తాడు: ఆ మనిషి మీరే, చర్చిలో హీటర్ వేశాక మళ్లీ మీరే. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయి: చాలావరకు 1960ల నాటి ఫ్యాక్టరీ సరుకు, నొక్కే కీలు బరువు, బాగుచేసేవాళ్లు దొరకరు. కొనకండి, ముందు అద్దెకు తీసుకోండి.