226 శాతం నష్టం ఎలా వస్తుంది?

2017 సెప్టెంబరు 18 రాత్రి మరియా హరికేన్ డొమినికాను తాకింది. కరీబియన్‌లో 72 వేల మంది ఉండే చిన్న దేశం అది. (డొమినికన్ రిపబ్లిక్ వేరు. పేర్ల వల్ల చాలామంది పొరబడతారు.) తర్వాత అధికారులు, నిపుణులు కూర్చుని తేల్చిన మొత్తం సుమారు 130 కోట్ల డాలర్లు. అంటే అంతకుముందు ఏడాది జీడీపీలో 226 శాతం.

ఈ అంకె మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. ఉన్నదానికి రెండింతలు ఎలా పోతుంది?

కిటుకు భాగహారంలో ఉంది. జీడీపీ అంటే ఒక ఏడాది సంపాదన. గాలివానకు కొట్టుకుపోయింది మాత్రం తరాల తరబడి కట్టుకున్న ఆస్తి. ఏడాదికి 5 లక్షలు సంపాదించేవాడి ఇల్లు కూలితే 11 లక్షలు పోవడంలో వింతేమీ లేదు. డొమినికాకు జరిగింది సరిగ్గా అదే. కాకపోతే ఊళ్లో ఒక ఇల్లు కూలితే పక్కింటివాళ్లు ఆదుకుంటారు. దేశం మొత్తం ఒకే తుఫాను దారిలో పడితే పక్కిల్లంటూ మిగలదు. 

ఆ 130 కోట్లలో కూడా రెండు పద్దులున్నాయి. కొబ్బరితోట ఉన్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. చెట్టు పడిపోవడం ఒక నష్టం. కొత్త మొక్క నాటి అది కాపుకొచ్చేదాకా రాని కాయలు ఇంకో నష్టం. మొదటి పద్దు కింద డొమినికాలో 93 కోట్ల డాలర్లు తేలాయి, రెండో పద్దు కింద 38 కోట్లు. ఇలా విడదీసి లెక్కకట్టే పద్ధతిని 1970ల నుంచి ఐక్యరాజ్య సమితి లాటిన్ అమెరికా ఆర్థిక సంఘం తయారుచేస్తూ వచ్చింది. ఒకే కాయను రెండుసార్లు లెక్కపెట్టకుండా చూడటమే ఇందులో అసలు కష్టం.

అదే ఏడాది టెక్సాస్‌ను ముంచిన హార్వీ హరికేన్ నష్టం 12,500 కోట్ల డాలర్లు. డాలర్ల పట్టికలో హార్వీ ముందు డొమినికా సోదిలోకి కూడా రాదు, దాదాపు నూరో వంతు. కానీ అమెరికా జీడీపీతో భాగిస్తే హార్వీ ఒక శాతం కూడా కాదు. దేంతో భాగిస్తున్నామన్నది చూడకుండా వేసే 'అతి పెద్ద విపత్తుల' జాబితాలంటే నాకు అందుకే నమ్మకం లేదు.

ప్రాణాల లెక్కా అంతే. డొమినికాలో చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి 65 మంది దాకా. మన పత్రికల్లో లోపలి పేజీకి వెళ్లే సంఖ్య. అదే నిష్పత్తిని 5 కోట్ల ఆంధ్రప్రదేశ్‌కు వర్తింపజేస్తే 45 వేల మంది అవుతారు.

అలాగని నిష్పత్తి వేస్తే సమస్య తీరిపోదు. జనాభా చిన్నదైతే రేటు గంతులేస్తుంది. తుఫాను రాని ఏడాది లక్షకు సున్నా, వచ్చిన ఏడాది లక్షకు 90. 2015లో దేశాలన్నీ ఒప్పుకున్న సెండాయ్ ఒప్పందం ప్రకారం విపత్తు మరణాల రేటును 2005–2015 సగటుతో పోలిస్తే 2020–2030లో తగ్గించాలి. ప్రపంచం మొత్తానికి ఈ కొలత బాగానే పనిచేస్తుంది. డొమినికాకు విడిగా వేసి చూడండి. మరియా వచ్చిన 2017 ఆ రెండు కాలాల్లో దేనిలోనూ లేదు! పోనీ ఉందనుకున్నా, తర్వాతి పదేళ్లు తుఫాను పక్క నుంచి వెళ్లిపోతే మరణాలు తగ్గినట్టు కనిపిస్తాయి. అది సంసిద్ధతో అదృష్టమో పట్టిక చెప్పదు.

పసిఫిక్‌లోని వనువాటులో ఇంకో చిక్కు. 2015 మార్చిలో పామ్ తుఫాను వచ్చినప్పుడు నష్టం జీడీపీలో 64 శాతమన్నారు. అక్కడ నాలుగింట మూడు వంతుల మంది పల్లెల్లో ఉంటారు, చేమ, పెండలం లాంటి దుంపలు పండించుకుని తింటారు. అమ్మని దుంపకు ధర ఎంత? ఆకులు కప్పిన ఇల్లు కూలితే ఎన్ని డాలర్లు రాయాలి? రాజధానిలో ఒక హోటల్ పైకప్పు లేచిపోతే పద్దులో పెద్ద మొత్తం పడుతుంది. ఒక పల్లె మొత్తానికి తిండి పోతే పడేది చిన్న మొత్తమే. డాలరు కొలబద్దకు బీదవాడి నష్టం ఎప్పుడూ పొట్టిగానే ఆనుతుంది. అంత పెద్ద తుఫానులో మరణాలు 11 దగ్గర ఆగాయి. ముందస్తు హెచ్చరికలు, గాలికి తట్టుకునేలా కట్టిన సంప్రదాయ ఇళ్లు కాపాడాయి. కాపాడిన ఇంటికి మాత్రం ఏ పట్టికలోనూ గడి లేదు.

ఇవన్నీ ఫలానా తేదీన జరిగిన సంఘటనలు. తేదీ లేని నష్టాన్ని ఎక్కడ రాయాలి?

ప్రపంచంలో అందరూ వాడే విపత్తుల రికార్డు బెల్జియంలోని ఒక విశ్వవిద్యాలయం నడిపే ఎం-డాట్. అందులోకి ఎక్కాలంటే 10 మంది చనిపోవాలి, లేదా 100 మంది దెబ్బతినాలి, లేదా ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించాలి, లేదా బయటి సాయం కోరాలి. పసిఫిక్‌లోని చిన్న దీవుల దేశం తువాలులో జనం నేలలో లోతుగా గుంట తవ్వి, అడుగున ఊరే మంచినీటి మీద పులాకా పండిస్తారు. మన చేమకు చుట్టం లాంటి దుంప. పోటు ఎక్కువైనప్పుడు ఆ గుంటలోకి ఉప్పు చేరుతుంది. ఈ ఏడాది ఒక గుంట, మరుసటి ఏడాది పక్కది. ఎవరూ చావరు, వార్త రాదు. దుంప పోయి దిగుమతి బియ్యం వస్తుంది. ఈ మార్పు ఎక్కడైనా దొరుకుతుందీ అంటే దిగుమతుల పద్దులోనో, కుటుంబ ఖర్చుల సర్వేలోనో దొరకాలి. వాతావరణ మార్పు గణాంకాలంటే ఉష్ణోగ్రతల పట్టిక అనుకుంటాం కానీ, సగం పని ఇలాంటి పాత పద్దుల్లో వెతకడమే.

సముద్ర మట్టాన్నే కొలిస్తే సరిపోదా అంటే, అక్కడా టెన్షనే. తువాలు రాజధాని ఫునాఫుటిలో 1993లో నాణ్యమైన ఆటుపోట్ల కొలమానం పెట్టారు. అంతలో 1997–98 ఎల్ నినో వచ్చింది. ఎల్ నినో ఏడాదుల్లో వెచ్చని నీరు తూర్పుకు జరిగి పడమటి పసిఫిక్‌లో మట్టం ఒక అడుగు దాకా పడిపోతుంది. దాంతో మొదటి కొన్నేళ్ల రికార్డులో పెరుగుదల దాదాపు కనిపించలేదు. 'చూశారా, ఏమీ పెరగలేదు' అన్నవాళ్లకు అది పండగ. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గంతులు సగటులో కలిసిపోయాయి. మట్టం 30 ఏళ్ల కిందటి కంటే దాదాపు 15 సెంటీమీటర్లు పెరిగిందని 2023లో నాసా బృందం తేల్చింది. పరికరం పక్కనే జీపీఎస్ కూడా కావాలి, లేకపోతే నీరు పెరిగిందో నేల కుంగిందో తెలియదు.

ఇక అందరినీ తికమక పెట్టిన సంఖ్య ఇంకోటి. 1971 నుంచి 2014 వరకు తీసిన ఫొటోలు పోల్చి చూస్తే తువాలు నేల విస్తీర్ణం 2.9 శాతం పెరిగిందని ఆక్లాండ్ పరిశోధకులు 2018లో ప్రచురించారు. నిజమే. అలలు పగడపు ఇసుకను, రాళ్లను ఒడ్డుకు చేర్చి పోస్తాయి. అయితే విస్తీర్ణం వేరు, ఎత్తు వేరు. ఇసుకమేట పెరిగినంత మాత్రాన ఉప్పెక్కిన గుంటలో మళ్లీ మంచినీరు ఊరదు. రెండు లెక్కలూ ఒప్పే. 'దీవి మునిగిపోతోందా' అన్న ప్రశ్నే మొరటుది.

ఇదంతా కొలవాల్సింది ఎవరు? పసిఫిక్‌లోని ఇంకో దీవుల దేశం కిరిబాటి రాజధాని తరావా నుంచి అదే దేశానికి చెందిన కిరితిమతి దీవి 3,000 కిలోమీటర్ల పైనే. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి గీత గీసినా అంత రాదు. ఐరాస గణాంక సంఘం 2022లో ఆమోదించిన వాతావరణ మార్పు సూచికల జాబితాలో 158 అంశాలున్నాయి. గుప్పెడు మంది సిబ్బంది ఉండే కార్యాలయాలకు అది పెళ్లి సామాన్ల జాబితా. అన్నీ కాకుండా తమకు పనికొచ్చేవి ఏరుకోవడమే తెలివైన పని.

లెక్క తేలేదాకా ఆగకుండా డబ్బు ఇవ్వడానికి కరీబియన్ దేశాలు 2007లో ఒక ఉమ్మడి బీమా పెట్టుకున్నాయి. కూలిన ఇళ్లు చూడరు, గాలి వేగం లాంటి కొలతలు చూసి చెల్లిస్తారు. మరియా తర్వాత డొమినికాకు సుమారు 1.9 కోట్ల డాలర్లు త్వరగానే అందాయి. అటు పసిఫిక్‌లో ఇలాంటి పథకంలోనే ఉన్న సోలమన్ దీవులకు 2013 భూకంపం, సునామీ తర్వాత పైసా రాలేదు. లెక్క ప్రకారం నష్టం చెల్లింపుకు పెట్టిన గీత దాటలేదు. తర్వాత ఆ దేశం పథకం నుంచి బయటికొచ్చింది.

తువాలు, ఆస్ట్రేలియా 2023లో ఒప్పందం చేసుకున్నాయి. ఏడాదికి 280 మంది తువాలు పౌరులు ఆస్ట్రేలియా వెళ్లి స్థిరపడవచ్చు. సుమారు 11 వేల జనాభాలో అది రెండున్నర శాతం. వెళ్లినకొద్దీ అన్ని నిష్పత్తుల కిందా ఉండే జనాభా తగ్గుతూ పోతుంది, మిగిలినవాళ్ల తలసరి అంకెలు మారతాయి. వెళ్తున్న మనిషికి పులాకా గుంట ఉప్పెక్కింది, కొడుకును మంచి బడిలో చదివించాలి, బావమరిది ముందే బ్రిస్బేన్‌లో ఉన్నాడు. 'వలసకు ముఖ్య కారణం: ఒకదానికే టిక్కు పెట్టండి' అని ఫారం అడిగితే, ఆయన పెన్ను ఏ గడి మీద ఆగుతుంది?