కాలువలో పోతున్న యూరియా బస్తా

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా బస్టాండులో మరుగుదొడ్డి ఎటుందో ఎవరినీ అడగక్కర్లేదు, ముక్కే దారి చూపిస్తుంది. ఆ ఘాటు అమ్మోనియాది. మూత్రంలోని యూరియాకి అసలు వాసనే లేదు. గోడలకీ గొట్టాలకీ పట్టిన బాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైముతో దాన్ని విరగ్గొడితే అమ్మోనియా పుడుతుంది. పొలంలో చల్లిన యూరియాకి జరిగేదీ ఇదే.

లెక్క వేస్తే కడుపు తరుక్కుపోతుంది. ఒక మనిషి మూత్రంలో ఏడాదికి సుమారు 4 కిలోల నత్రజని పోతుంది. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. అయిదుగురున్న ఇల్లు ఏటా ఓ బస్తా కాలువపాలు చేస్తోందన్నమాట. ఖరీఫ్ వస్తే ఆ బస్తా కోసమే తెల్లారకముందే వరసలో నిలబడతాం.

మురుగు శుద్ధి కేంద్రాల్లో మామూలుగా నీళ్లలోకి గాలి కొడతారు. కొన్ని బాక్టీరియాలు అమ్మోనియంని, అంటే నీళ్లలో కరిగున్న అమ్మోనియా రూపాన్ని, నైట్రేటు చేస్తే, ఇంకొన్ని ఆ నైట్రేటుని నత్రజని వాయువు చేసి వదిలేస్తాయి. గ్రాము అమ్మోనియా నత్రజనికి 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి, కరెంటు బిల్లు పెరిగేది అక్కడే. 1913 నుంచీ ఎరువుల ఫ్యాక్టరీల్లో హేబర్-బాష్ అనే పద్ధతితో బోలెడంత ఇంధనం తగలేసి గాలిలోంచి తీసిన నత్రజనిని, మళ్లీ కరెంటు తగలేసి గాలికే అప్పగిస్తున్నాం. నాగావళిలో చేపలు బతకాలంటే అమ్మోనియా తీసెయ్యక తప్పదు, నిజమే. పారబోయడమే నాకు నచ్చనిది.

ఆ నత్రజనిని పట్టుకోవడానికి పనికొచ్చే సరుకు మన దగ్గరే ఉంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల్లో ఉప్పు తీశాక చేదు నీరు మిగులుతుంది, అందులో మెగ్నీషియం దండిగా ఉంటుంది. నిలవున్న మూత్రంలో దాన్ని పోస్తే పాలు విరిగినట్టు తెల్లబడి, కాసేపటికి అడుగున సన్నటి పలుకులు దిగుతాయి. మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేటు కలిసిన ఆ స్ఫటికం పేరు స్ట్రువైట్. నేలలో నిదానంగా కరిగే ఎరువు. మరుగుదొడ్ల గొట్టాలు పూడిపోతే ప్లంబరు గీకి పారేసే గట్టి పొరలోనూ ఇది ఉంటుంది.

అయితే ఫాస్ఫేటుకి మూలమైన భాస్వరం మూత్రంలో నత్రజనికి సరిపడా లేదు. అందుకని స్ట్రువైట్ భాస్వరాన్ని దాదాపు అంతా పట్టినా, నత్రజనిలో నూటికి నాలుగైదు పాళ్లే పడుతుంది. మిగతాదానికి సున్నం కావాలి. దాంతో పిహెచ్, అంటే క్షారగుణాన్ని చూపే కొలత, 11 దాకా పెంచితే అమ్మోనియం అమ్మోనియా వాయువై లేస్తుంది. ఆ గాలిని సల్ఫ్యూరిక్ ఆమ్లంలోంచి పోనిస్తే రైతుకి తెలిసిన అమ్మోనియం సల్ఫేటు చేతికొస్తుంది.

రొయ్యల చెరువుల్లో చల్లే జియోలైట్ అనే సన్నటి రంధ్రాల ఖనిజం కూడా అమ్మోనియంని పట్టేదే, కాకపోతే మంచినీళ్లలో. ఉప్పునీటి చెరువులో సోడియం ముందే వెళ్లి అమ్మోనియం కూర్చోవాల్సిన చోట్లలో కూర్చుంటుంది. అక్కడ బస్తాలకి బస్తాలు కుమ్మరించడం చాలావరకు డబ్బు దండగ.

ఇంటి మురుగులోని నత్రజనిలో 80 శాతం దాకా మూత్రంలోదే, పరిమాణంలో చూస్తే మూత్రం 1 శాతమే. మూత్రంలో లీటరుకి గ్రాముల్లో ఉండే నత్రజని కాలువలో కలిశాక మిల్లీగ్రాముల్లోకి పలచబడిపోతుంది. అప్పుడిక ఏ పద్ధతికైనా ఖర్చు తడిసి మోపెడు. కాబట్టి హాస్టళ్లలో, కల్యాణ మండపాల్లో ముందు వేరే గొట్టం వెయ్యాలి. నీళ్లు కలవకుండా అది నేరుగా తొట్టిలోకి పోవాలి. తొట్టి మూత మాత్రం బిగుతుగా ఉండాలి, నిలవున్న మూత్రం పిహెచ్ 9 దగ్గరికి చేరుతుంది, సందు దొరికితే అమ్మోనియా ఎగిరిపోతుంది.